ఆడవాళ్ళ చెయ్యి ఎంతుండాలండీ?

గాజుల కొట్టువాడికి తెలిసిన విషయం సైకిళ్ళు చేసేవాడికి ఎందుకు తెలియదా అని నాకు చాలాకాలంగా అనుమానం. అనుమానం ముదిరి ఈమధ్య కోపంలోకి దిగింది కనక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

రాజమండ్రిలో ఏ గాజుల కొట్టుకైనా వెళ్ళండి. మీరు నోరు విప్పి సైజు చెప్పక్కర్లేదు. కొట్టాయన మీ చేతి వంక ఓ చూపు చూసి "రెండు ఆరండి" అనేస్తాడు. లేకపోతే "రెండు నాలుగు చాలమ్మా, కాస్త బిగుతైనా నేనెక్కిస్తాను గదా" అంటాడు. రెండు నాలుగంటే ఏమిటో మనలో చాలామంది ఆలోచించి ఉండరు. రెండంగుళాలూ, ఆపైన అంగుళాన్ని పదహారు భాగాలు చేస్తే అందులో నాలుగు భాగాలూనూ. అదీ గాజు లోపలి వెడల్పు. రెండు రెండు దగ్గర మొదలెట్టి రెండు పది దాకా అయిదు సైజులు. ఒక సైజుకీ పై సైజుకీ తేడా అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే మూడు మిల్లీమీటర్లు! ఆ మూడు మిల్లీమీటర్ల కోసం పాపం ఆ వ్యాపారి అయిదు వరసలు కడతాడు, వరస వరసకీ అన్ని రంగులూ పెడతాడు. అదీ చెయ్యి జారితే భళ్ళున పగిలిపోయే సరుకు. ఆడవాళ్ళ చేతులన్నీ ఒక్కలా ఉండవని ఆయనకు ఏ యూనివర్సిటీలోనూ చెప్పలేదు. చూశాడు, తెలుసుకున్నాడు.

అక్కణ్ణించి సైకిళ్ళ షాపుకి వెళ్ళండి. "లేడీసాండీ, జెంట్సాండీ?" అంటారు. చక్రం సైజు అడుగుతారు. రంగు అడుగుతారు. ముందు బుట్ట కావాలా అంటారు. చెయ్యి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. లేడీసన్నారు గనక ఇక మీ చెయ్యి సన్నగా, చిన్నగా, వీలైతే గులాబీ రంగులో ఉంటుందని వాళ్ళే నిర్ణయించేస్తారు. దానికి తగ్గట్టే హ్యాండిలుకు రెండు చివరలా బొటనవేలు లావున గట్టి ప్లాస్టిక్కు గ్రిప్పులు. వాటి మీద చిన్నచిన్న పువ్వులు కూడానూ.

నాది రెండు పది చెయ్యి. మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఇదివరకు కొట్లో ఆ సైజు అడగాలంటే పక్కన ఎవరన్నా ఉన్నారేమోనని చూసి గొంతు తగ్గించి అడిగేదాన్ని. పెళ్ళిచూపుల్లో ఓ పెద్దావిడ నా చెయ్యి తిరగేసి చూసి, "పిల్ల బాగానే ఉంది గాని, చెయ్యే మగచెయ్యి" అంది. చిత్రమేమిటంటే, అలాంటి పెద్దావిడలే బంతిలో వడ్డన జరుగుతున్నప్పుడు "ఆ పిల్లది పెద్ద చెయ్యమ్మా" అని మురిసిపోతారు. మన గోదావరి జిల్లాల్లో వడ్డించేటప్పుడు పెద్ద చెయ్యి కావాలి. బిందె మోసేటప్పుడు కావాలి. పిండి రుబ్బేటప్పుడు కావాలి. పెళ్ళిచూపుల్లోనూ, సైకిలు హ్యాండిలు మీదా మాత్రం అదే చెయ్యి చిగురుటాకై పోవాలన్నమాట!

"ఈ రోజుల్లో ఇంకా సైకిలేమిటండీ, స్కూటీ కొనుక్కోక" అంటారని తెలుసు. అనేవాళ్ళందరూ ఒక్కసారి పొద్దున్నే ఏడింటికి ఏదన్నా కాలవ గట్టు మీదకి వెళ్ళి నిలబడండి. మన డెల్టాను దేవుడు సైకిలు కోసమే చదును చేసినట్టుంటుంది. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాక కాలవలు పారేయి. ఆ కాలవల గట్లే దారులయ్యేయి. ఎక్కడానికి గుట్ట లేదు, దిగడానికి లోయ లేదు. 2022లో రెండు గోదావరి జిల్లాలూ చీలి కోనసీమనీ, కాకినాడనీ, ఏలూరనీ విడివిడి జిల్లాలయ్యేయి గాని, గట్టు మీద సైకిలుకు ఆ సంగతి తెలియదు. రావులపాలెం అరటి మార్కెట్టుకు గెలలు వేలాడగట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళేది సైకిలే. కొబ్బరి బొండాలు మోసేది సైకిలే. కడియం నర్సరీల్లో పనికి పోయే ఆడవాళ్ళలో పెట్రోలు పోసుకునే స్తోమతు ఎంతమందికి ఉందో అడిగి చూడండి. రెండు జడలూ వెనక్కి ఎగురుతుంటే వరసగా పోయే హైస్కూలు పిల్లల సంగతి సరేసరి. సైకిలు పోయిందని అనుకునేవాళ్ళు కారులోంచి చూస్తున్నారేమో నాకు తెలియదు.

ఇక నా గోడు. లాక్‌డౌను ఎత్తేసిన తర్వాత ఒళ్ళు కదలాలని డాక్టరు చెప్పిన మీదట ఓ లేడీస్ సైకిలు కొన్నాను. ఎక్కడ కొన్నానో ఎందుకు లెండి. రోజూ పొద్దున్నే ఓ గంట. మూడు వారాలు తిరక్కుండానే కుడిచేతి చిటికెనవేలూ, ఉంగరం వేలూ తిమ్మిరెక్కడం మొదలెట్టేయి. మొదట్లో సైకిలు దిగిన పది నిమిషాలకు పోయేది. తర్వాత మధ్యాహ్నం దాకా. ఓ రోజు నవల రాద్దామని కూచుంటే కలం పట్టు తప్పింది. రాతతో బతికేదానికి అంతకంటే భయం ఏముంటుంది? షాపుకెళ్ళి గ్రిప్పులు సన్నగా ఉన్నాయి, లావువి వేయమంటే అక్కడి కుర్రాడు నవ్వి, "ఇయ్యి లేడీసు కోసం స్పెషల్‌గా చేసినయ్యండి. ఓ నెల తొక్కితే అలవాటైపోద్దండి, ఆయ్" అన్నాడు. ఇంట్లో చెబితే "నలభై దాటాక తిమ్మిర్లు మామూలే" అన్నారు. చుట్టాలావిడ ఒకావిడ శుక్రవారం ఉపవాసం ఉండమంది.

అలవాటైపోతుంది! ఈ మాటతో మన ఆడవాళ్ళను ఎన్నిటికి అలవాటు చెయ్యలేదు? మన నడుముకు అందని వంటగట్టుకి అలవాటు పడ్డాం. కాలు అందని బస్సు మెట్టుకి అలవాటు పడ్డాం. సర్దుకుపోవడమనేది ఓ సుగుణం కింద చిన్నప్పుడే నేర్పేస్తారు. మొగుడితోనూ, అత్తగారితోనూ సర్దుకుపోవడం మాట తర్వాత తేల్చుకుందాం. ముప్పావలా ప్లాస్టిక్కు ముక్కతో కూడా సర్దుకుపోవాలా అని అడుగుతున్నాను.

నరాల డాక్టరు విడమరిచి చెప్పేక నాకు విషయం తెలిసింది. చిటికెన వేలికీ, ఉంగరం వేలికీ వెళ్ళే నరం మణికట్టు దగ్గర చిటికెనవేలి వైపు ఇరుకు సందులోంచి పోతుంది. మనం సైకిలు మీద ముందుకు వంగి బరువంతా అరచేతుల మీద మోపినప్పుడు, ఆ సందు సరిగ్గా హ్యాండిలుకు ఆని నలుగుతుంది. పెద్ద అరచేతికి సన్నటి గ్రిప్పు ఇస్తే ఏమవుతుందంటే, బరువు అరచెయ్యంతా పరుచుకోకుండా ఓ సన్నటి గీత మీద పడుతుంది. పైగా పట్టు నిలవడం కోసం వేళ్ళు మరీ బిగించాలి. గోళ్ళు అరచేతిలో దిగుతాయి. ఇదేదో కొత్తగా కనిపెట్టిన జబ్బనుకునేరు. దెస్తో అనే ఫ్రెంచి వైద్యుడు సైకిలు తొక్కేవాళ్ళకు వచ్చే ఈ నరం నొక్కుడు గురించి 1896లోనే రాశాడు. నూట ముప్ఫై ఏళ్ళ కిందటి ముచ్చట. మన షాపు కుర్రాడి దాకా ఇంకా రాలేదు.

కొలతల్లో చెప్పుకుందాం. హ్యాండిలు గొట్టం చివర లావు 22 మిల్లీమీటర్లు, అంటే ముప్పాతిక అంగుళం మీద మరి కాస్త. దాని మీద పలచటి గ్రిప్పు తొడిగితే మహా అయితే 28కి వస్తుంది. చేతి పనిముట్ల మీద పరిశోధన చేసినవాళ్ళు గట్టిగా పట్టుకోవలసిన పిడి 30 నుంచి 50 మిల్లీమీటర్ల మధ్యన ఉంటే చేతికి హాయి అని చెబుతూ వచ్చారు. చిన్న చేతికి ఆ చివర, పెద్ద చేతికి ఈ చివర. అమెరికాలో ఓ కంపెనీ ఒకే రకం సిలికాను గ్రిప్పును 30, 32, 34 మిల్లీమీటర్ల లావుల్లో అమ్ముతుంది. జర్మనీ కంపెనీ ఎర్గాన్ వాళ్ళు అరచేతి మడమ ఆనడానికి రెక్కలాంటి చపటా పెట్టి, అందులోనూ చిన్నచేతికి ఒకటి, పెద్దచేతికి ఒకటి చేస్తారు. కాబట్టి ఇది సాధ్యం కాని పని కాదు. చంద్రమండలానికి పోనక్కర్లేదు. రబ్బరు కాస్త ఎక్కువ పోస్తే చాలు.

ఆ మాటకొస్తే జర్మనీ దాకా ఎందుకు? మన ఊళ్ళో కమ్మరి దగ్గరకి కొడవలికి పిడి వేయించుకోడానికి వెళ్ళిన మనిషి పట్టుకు చూడకుండా డబ్బిస్తుందా? "ఇంకాస్త చెక్కు బాబూ", "కాదు, ఇది మరీ సన్నమైపోయింది, వేరేది వెయ్యి" అని అక్కడే కూచుని సరిచేయించుకుంటుంది. రోకలి పట్టుకునే చోట ఎంత లావుండాలో దంచే మనిషి చెప్పేది, వడ్రంగి వినేవాడు. పడవ తెడ్డుకీ, పార కర్రకీ ఇదే న్యాయం. పనిముట్టు మనిషికి తగ్గట్టు ఉండాలన్న ఇంగితం మన పల్లెల్లో ఉండేది. కంపెనీ డబ్బాలో వచ్చేసరికి మనిషే పనిముట్టుకు తగ్గట్టు ఉండాలని తిరగబడింది.

మగవాళ్ళ ఆటల దగ్గర ఈ ఇంగితం ఎప్పుడూ చెక్కుచెదరలేదు సుమండీ. 1975లోనూ, 1979లోనూ వెస్టిండీసుకు ప్రపంచ కప్పు తెచ్చిన కెప్టెన్ క్లైవ్ లాయిడ్‌వి చాటల్లాంటి చేతులు. ఆయన బ్యాటు పిడికి ఒక రబ్బరు తొడుగు మీద మరొకటి, దాని మీద ఇంకొకటి ఎక్కించుకునేవాడు. "అబ్బాయ్, నీ చేతులు మరీ పెద్దవి, సర్దుకుపో" అని ఎవరన్నా అన్నారా? పైగా ఆ బ్యాటు గురించి కథలు కథలుగా చెప్పుకున్నారు. టెన్నిసు రాకెట్టు పిడి కూడా నాలుగుంపావు అంగుళాల చుట్టుకొలతని, నాలుగున్నర అని రకరకాలుగా దొరుకుతుంది. సరదాకి ఆడే ఆటకి అన్ని సైజులు. పొట్టకూటికి రోజూ పది కిలోమీటర్లు తొక్కే ఆడమనిషికి ఒకటే సైజు, అదీ పువ్వులతో.

అసలీ చిన్నచెయ్యి ఎక్కణ్ణించి వచ్చింది? బెండకాయకు 'లేడీస్ ఫింగర్' అని పేరు పెట్టిన మహానుభావుడు అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి పీచు తాడు పేనే ఆడదాని వేళ్ళు చూసి ఉండడు. వారపత్రికల బొమ్మల్లో నాయిక చెయ్యి ఎప్పుడన్నా గమనించారా? నేను కథలో నాయిక చేత సైకిలు తొక్కించినా, నాగలి పట్టించినా, బొమ్మలో మాత్రం ఆవిడ వేళ్ళు సంపెంగ మొగ్గలే. నరసాపురం, పాలకొల్లు వైపు ఇళ్ళల్లో లేసు అల్లే ఆడవాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు 1982లో ఓ పుస్తకం తెచ్చింది. ఇంట్లో కూచుని అల్లుతున్నారు గనక అది పని కాదు, ఇల్లాళ్ళ తీరిక కాలక్షేపం అని లోకం ఎలా లెక్కకట్టిందో, దానివల్ల ఎవరెంత లాభపడ్డారో అందులో విప్పి చూపించింది. సైకిలు గ్రిప్పు చేసేవాడి బుర్రలో ఉన్నదీ ఆ తీరిక చెయ్యే. ఇల్లాలు సాయంత్రం పూట సరదాగా పార్కు దాకా వెళ్ళొస్తుంది, దానికింత చాలు! నాట్లు వేసే చెయ్యి, తాడు పేనే చెయ్యి, పాల క్యాను ఎత్తే చెయ్యి ఆయన లెక్కలోకి రావు. ఆ చేతులున్నవాళ్ళు కొనరనుకున్నాడో, కొన్నా అడగరనుకున్నాడో!

అడగకపోవడం మాత్రం మన ఇళ్ళల్లో నిజం. ఆడపిల్లకి సైకిలు కొనడానికి ఎవరు వెళతారు? నాన్నో, అన్నయ్యో. అబ్బాయికి కొనేటప్పుడు వాణ్ణి వెంటబెట్టుకుని, వీధి చివరి దాకా తొక్కించి, బ్రేకు పట్టుకు చూడమని మరీ కొంటారు. అమ్మాయికైతే "ఏ రంగు కావాలే?" అని ఇంట్లోనే అడిగి, సాయంత్రానికి తెచ్చి వాకిట్లో నిలబెట్టి పసుపు రాస్తారు. అదో ముద్దు. ఆ ముద్దు చెల్లేది ఆ పిల్ల చెయ్యి.

ప్రభుత్వాలు సైకిళ్ళిస్తే సంతోషించినవాళ్ళలో నేనూ ఉన్నాను. బీహారులో 2006లో బడిపిల్లలకు మొదలెట్టారు. మన రాష్ట్రంలో 'బడికొస్తా' అన్న పేరుతో సర్కారు బళ్ళ ఆడపిల్లలకు ఇచ్చారు. ఆడపిల్ల బడి మానకుండా ఉండటానికి అంతకంటే మంచి కానుక లేదు. కాని టోకు కొనుగోలంటే ఒక నమూనా ఎంచుకోవడమే గదా. ఒకే తరగతిలో జానెడు పిల్లా ఉంటుంది, మాస్టారి కంటె పొడుగు పిల్లా ఉంటుంది. యూనిఫారానికి టేపు పెట్టి కొలతలు తీస్తారే, సైకిలు పట్టుకునే చేతికి తియ్యకూడదా? వేరే సైకిలు అడగడం లేదు. పంచేటప్పుడు రెండు మూడు లావుల గ్రిప్పులు ఓ పెట్టెలో పెట్టి, పట్టుకు చూసుకుని తొడిగించుకోమంటే చాలు.

నా చెయ్యి పెద్దది గనక పెద్ద చేతుల పాటే పాడుతున్నానని అనుకోకండి. చిన్న చేతులవాళ్ళ అవస్థ ఇంకా ప్రమాదం. వాళ్ళ వేళ్ళు బ్రేకు లివరుకు అందవు. ఎదురుగా లారీ వస్తుంటే వేళ్ళ కొసలతో బ్రేకు గీకుతూ ఉంటారు. 'లేడీస్' అని రాసిన సైకిలు వాళ్ళకీ తగ్గట్టు లేదు, నాకూ తగ్గట్టు లేదు. మరి ఎవరి కొలతతో చేశారో ఆ లేడీ ఎక్కడుందో చూడాలని ఉంది.

పుదుక్కోట్టై ఆడవాళ్ళను తలుచుకుంటే నాకు ముచ్చటేస్తుంది. తమిళనాట ఆ జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలకి వేలమంది ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. పాలగుమ్మి సాయినాథ్ గారు రాయబట్టి లోకానికి తెలిసింది. లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే ఆగిపోలేదు, జెంట్స్ సైకిళ్ళే ఎక్కేశారు. అడ్డబారు మీద పిల్లను కూచోబెట్టుకోవచ్చు, ఇదే మేలు అన్నవాళ్ళూ ఉన్నారట. తమకేం కావాలో వాళ్ళే తేల్చుకున్నారు. షాపువాడు తేల్చింది పుచ్చుకోలేదు.

వ్యాపారస్థుల జవాబు నాకు కంఠతా వచ్చు. "అన్ని సైజులు స్టాకు పెడితే ఎవరు కొంటారమ్మా? పెట్టుబడి ఇరుక్కుపోదూ?" అని. అయ్యా, రబ్బరు గ్రిప్పు గాజు కాదు, పగలదు. ఫ్యాషను మారిపోదు. ఓ డజను జతలు మేకుకి తగిలిస్తే పట్టే చోటు జానెడు. అడిగేవాళ్ళు లేరంటారా? తొడిగి చూపించని సరుకుని ఎవరడుగుతారు? రెండు పది గాజులు కొట్లో కనిపించకపోతే నాలాంటిది తన చెయ్యిదే తప్పనుకుని బోసిచేతులతో ఇంటికొచ్చేస్తుంది. గ్రిప్పుల విషయంలో జరిగింది అదే. చేతులు తిమ్మిరెక్కినవాళ్ళు సైకిలుది తప్పనుకోలేదు, వయస్సుదనుకున్నారు, వాతమనుకున్నారు, సైకిలు గోడకి చేరేశారు.

అరటి గెలల సైకిలువాళ్ళు హ్యాండిలుకు ఏం చేసుకుంటారో ఎప్పుడన్నా దగ్గరగా చూడండి. పాత ట్యూబును పట్టీలుగా కోసి, సాగదీసి, ఒక చుట్టు మీద సగం చుట్టు ఎక్కేట్టు బిగించి చుడతారు. అది చూసి నేనూ ఓ చెట్టుకింద పంచర్లేసే అతని చేత చుట్టించాను. "మంచి కొత్త సైకిలమ్మా, లుక్కు పోద్దండి" అని బాధపడ్డాడు గాని, చేశాడు. నెల తిరిగేసరికి వేళ్ళు దారికొచ్చేయి. ఒకటే చిక్కు, రోహిణీకార్తె ఉక్కలో చెమటకి అరచేతులు నల్లబడతాయి. తర్వాత ట్యూబు తీయించేసి ఉన్న గ్రిప్పు మీదే బ్యాడ్మింటన్ రాకెట్టుకు చుట్టే పట్టీ రెండు వరసలు చుట్టించాను. చెమట పీలుస్తుంది, జారదు, మాసిపోతే మార్చుకోవచ్చు. గుడ్డ మాత్రం చుట్టకండి, వానలో తడిసి మెలితిరుగుతుంది. తిమ్మిరి ఎన్నాళ్ళకీ తగ్గకపోతే మాత్రం పట్టీలు నమ్ముకుని కూచోక డాక్టరుకు చూపించుకోవాలి.

ఈ సంక్రాంతికి ఇంట్లో ఎవరికన్నా సైకిలు కొంటుంటే తొక్కే మనిషిని వెంట తీసుకెళ్ళండి. గ్రిప్పు పట్టుకుని పిడికిలి బిగించమనండి. వేళ్ళ కొసలు వచ్చి అరచేతిలో గుచ్చుకుంటూంటే అది సన్నం, చేతివేళ్ళు చుట్టూ తిరిగి రాకపోతే అది లావు. మణికట్టు వంగకుండా తిన్నగా ఉందో లేదో చూడండి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒంటి బరువంతా చేతుల మీదకి జారుతుంది, సమంగా బిగించమనండి. కూచున్న చోటినించే రెండు వేళ్ళతో బ్రేకు లాగి చూడమనండి. చాలా లివర్లకి దగ్గరకీ దూరానికీ జరుపుకునే చిన్న మర ఒకటి ఉంటుంది, అది తిప్పి చూపించమంటే "అదేమిటండీ?" అని మిమ్మల్నే అడుగుతారు. అప్పుడు మీరే చూపించండి. బిల్లు ఆ తర్వాత.